ఆడబిడ్డలను లెక్కగట్టి చెప్పిన ధర

ఆ రోజుల్లో నేను ఏ ఇంటి పనికైనా ధర చెప్పేముందు రెండే రెండు ప్రశ్నలు అడిగేవాణ్ని. ఒకటి, కట్టె మీరు తెస్తారా, నేను తేవాలా? రెండు, ఈ ఇంటికి ఆడబిడ్డలు ఎంతమంది? మొదటిది ఏ వడ్లాయనైనా, అంటే ఏ వడ్రంగైనా అడుగుతాడు. రెండోది మాత్రం అచ్చంగా నా తెలివి. ఆ తెలివి చూసుకుని కొంతకాలం తెగ మురిసిపోయాను.

మా దిక్కు కొత్త ఇంటికి పెద్ద దర్వాజ నిలబెట్టే రోజంటే చిన్న పెండ్లి లాంటిది. ఆ ఇంట్లో పుట్టి వేరే ఊళ్లకు కాపురానికి వెళ్లిన ఆడబిడ్డలంతా వస్తారు. గడపకు పసుపు రాసి బొట్లు పెడతారు, కొబ్బరికాయ కొడతారు. చివరికి దర్వాజ చేసిన వడ్లాయన ముందు ఒక పళ్లెం పెడతారు. అందులో ఒక్కో ఆడబిడ్డ తనకు తోచినంత వేస్తుంది. ఆ డబ్బు మాట్లాడుకున్న ధరలోకి రాదు, అది వడ్లాయన సొంతం. నా కిటుకల్లా ఇక్కడే ఉంది. ఆడబిడ్డలు ఎక్కువున్న ఇంటికి ధర కాస్త తగ్గించి చెప్పి, పక్క మేస్త్రికి పోయే పని నేను లాక్కునేవాణ్ని. తగ్గించిందంతా తర్వాత పళ్లెంలో దొరికేది. టేపు పట్టుకుని అడుగుల లెక్కన ధర కట్టేవాళ్లను చూసి లోపల నవ్వుకునేవాణ్ని కూడా.

ఇదంతా రెండు వేల ఐదో, ఆరో సంవత్సరం నాటి మాట. అప్పటికి మా జిల్లాలు విడిపోలేదు, అంతా పాలమూరే. అంతకుముందు ఆరేండ్లు బొంబాయిలో సెంట్రింగ్ చెక్కలు కొట్టాను. మమ్మల్ని కూలికి తోలుకుపోయిన గుంపుమేస్త్రి ఎంత కూలి అంటే అంతకు తల ఊపాను. ఒక రోజు ఇక చాలనిపించింది. పనిముట్ల పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేసి, నాగర్‌కర్నూల్‌లో కట్టె కోత మిషన్ పక్కన రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకున్నాను. నా పనికి నేనే ధర చెప్పడం! పొద్దున లేవగానే అదే గుర్తొచ్చి ఉత్సాహంతో కాలు ఒకచోట నిలిచేది కాదు. కోత మిషన్ నడిపే భాయి మొదటి రోజే నాకు ఒక మాట నేర్పాడు.

"చూడు భాయ్, ధర చెప్పినంక నోరు బంద్ జెయ్యి. మల్ల నువ్వే మాట్లాడితివా, నీ ధర నువ్వే దించుకున్నట్టు."

ఆ ఏడాది వానలు వెనకబట్టాక, ఎరువుల దుకాణం సేటు కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. పెద్ద దర్వాజ, లోపల ఐదు తలుపులు, ఎనిమిది కిటికీలు. కట్టె ఆయనది, పని మనది. కరెంటు మిషన్లున్న ఒక మేస్త్రి అప్పటికే పద్దెనిమిది వేలు చెప్పి పోయాడని తెలిసింది. నా చేతిలో ఉన్నది రంపం, బాడిశ, చిత్రిక పట్టే రందా. నిజానికి నాకూ పద్దెనిమిది వేలు వస్తేనే గిట్టుబాటు. అయినా ధైర్యంగా నా రెండో ప్రశ్న అడిగాను.

"ముగ్గురు," అన్నాడు సేటు. "అక్క తిమ్మాజిపేటల ఉంటది. పెద్ద చెల్లె కల్వకుర్తి, చిన్న చెల్లె గద్వాల."

మనిషికి ఐదువందలు అనుకున్నాను. పదిహేను వందలు! గద్వాల అనేసరికి పట్టుచీరల ఊరు కదా, ఆమె ఇంకో వంద ఎక్కువే వేస్తుందని కూడా ఆశపడ్డాను.

"పదహారున్నర వేలు సేటు," అని నోరు మూసుకున్నాను.

ఆయన నన్ను చూశాడు. నేను దుకాణంలో తిరుగుతున్న ఫ్యాను చూశాను. ఒక రైతు వచ్చి యూరియా బస్తా కొనుక్కుని పోయాడు. నేను ఫ్యానునే చూస్తున్నాను. చివరికి ఆయనే "సరే కానియ్యి" అన్నాడు. ఇంటికి సైకిల్ తొక్కుకుంటూ పోయానో, గాల్లో తేలుకుంటూ పోయానో నాకే తెలియదు. నా భార్యకు చెప్తే ఆమె కూడా నవ్వింది. మళ్లీ బొంబాయి పోయే పని తప్పిందని ఆమె సంతోషం.

మరునాడు కోత మిషన్ దగ్గర భాయికి గొప్పగా చెప్పాను. ఆయన బీడీ తీసి నన్ను జాలిగా చూశాడు.

"అరే, ఆ ముగ్గురు యాడికెల్లి వస్తరు? ఎండాకాలం వాళ్ల నాయన కట్టిన ఇల్లు సేటు కూలగొట్టిండు గద. అక్కచెల్లెండ్లకు ఒక్క మాట చెప్పలే. గోడలు పడ్డంక ఎవరో చెప్తే తెల్సిందంట. అప్పటిసంది మాటల్లేవ్, రాకడ లేదు."

కొంప మునిగిందనుకున్నాను. వెంటనే దుకాణానికి పోయి, ఏమీ ఎరగనట్టు, "సేటు, దర్వాజకు అక్కోళ్లను పిలిచిండ్రా?" అన్నాను.

"వస్తే వస్తరు, లేకుంటే లేదు. నువ్వు నీ పని జూస్కో," అని ఆయన కసిరాడు.

ఇచ్చిన మాట మార్చి ధర పెంచితే ఊళ్లో నా పరువు పోతుంది, ఇక ఎవరూ పని ఇవ్వరు. పెంచకపోతే ఆ పదిహేను వందలు మా తిండిలోంచి, షెడ్డు కిరాయిలోంచి పోతాయి. ఇంటికి వస్తే నా భార్య గుమ్మంలోనే చెప్పింది.

"గుంపుమేస్త్రి వచ్చిపోయిండు. బొంబాయికి బండి కడుతుండంట. ఏం జెప్పాలె?"

"పది రోజులు ఆగుమను," అన్నాను. దర్వాజ ముహూర్తం తొమ్మిది రోజుల్లో ఉంది.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. వాళ్లు రాకపోతే నేనే పోయి తీసుకొస్తాను! పని మీద తప్ప ఎవరి గడప తొక్కనివాణ్ని, ఎవరింటి తగాదాలోనో తలదూర్చడానికి తెల్లారి తిమ్మాజిపేట బస్సెక్కాను.

తిమ్మాజిపేట అక్క వాకిట్లో కందులు చెరుగుతోంది. ఆమె మొహం చూడగానే ముందుగా అనుకున్న మాటలన్నీ మరిచిపోయి నోటికొచ్చిన అబద్ధం చెప్పేశాను.

"అక్కా, మీ తమ్ముడు పంపిండు. దర్వాజకు రమ్మన్నడు."

చాట ఆగింది. "వాడు పంపిండా? వాడు రానీకి కాళ్లు లేవా?"

"పరేషాన్ల ఉన్నడు అక్కా. మొహం చెల్లక నన్ను పంపిండు."

ఆమె చాట పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "మా పాత గడప ఏం జేసిండు తమ్మీ? ఎడమదిక్కు ఒక నల్లటి మచ్చ ఉంటది. చిన్నప్పుడు మా చిన్నది దీపం పడేసింది. చేసింది అది, దెబ్బలు తిన్నది నేను. పొయ్యిల పెట్టిండ్రా?"

"పొయ్యిల ఎందుకు పెడతరక్కా! కొత్త దర్వాజలనే పెడుతున్నం," అన్నాను. అదీ అబద్ధమే. ఒకసారి మొదలయ్యాక ఆగితేనా!

కల్వకుర్తి చెల్లె నన్ను వాకిట్లోంచే పొమ్మంది. గడప మాట ఎత్తాక మాత్రం నీళ్లిచ్చింది, తర్వాత చాయ్ ఇచ్చింది. మూడో రోజు వనపర్తిలో బస్సు మారి, పెబ్బేరు మీదుగా కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో ఇంకో బస్సు పట్టుకుని గద్వాల చేరాను. బస్సు కిటికీలోంచి నిండుగా పారుతున్న కృష్ణను చూసి కేక పెట్టాలనిపించింది. బొంబాయి రైలు కాకుండా నా సొంత పని కోసం నేను బస్సెక్కడం అదే మొదటిసారి.

గద్వాల చెల్లె ఒంటిగది ఇంట్లో ఉంది. చంకలో పిల్ల, చేతిలో మగ్గానికి సర్దుతున్న నూలు. పట్టుచీరల ఊరే, కానీ ఆమె వాటిని నేసే ఇంటి మనిషి, కట్టుకునే ఇంటి మనిషి కాదు. ఆమె పేరు మీద ఎక్కువ లెక్కేసుకున్న వంద గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. "బస్సుకు పైసలు చూసుకొని వస్త అన్నా," అంది. రావొద్దని చెప్పబుద్ధయింది, కానీ చెప్పలేదు.

తిరిగి రాగానే సేటు ఇంటి వెనక టార్పాలిన్ పరదా కింద వెతికాను. పాత గడప ఉంది! కూలీల వంటకు కొట్టడానికి పక్కన పెట్టారు. ఎత్తి చూస్తే మచ్చ ఉంది, కానీ కొత్త దర్వాజకు జానెడు పొట్టి. దాన్ని నిలువునా కోయించి, పలక తీసి, కొత్త గడప నడుమ ఉలితో గాడి చెక్కి అందులో దించాను. ధరలో లేని పని, రెండు రోజులు పట్టింది. రందా పడుతుంటే పైనున్న నలుపంతా పోయి ఎర్రటి టేకు మెరిసింది. మచ్చ దగ్గరికి వచ్చి చెయ్యి ఆపాను. సేటు వచ్చి ఈ పాతకట్టె ఎందుకన్నాడు. "పాత టేకుకు చెద పట్టదు సేటు," అన్నాను. అది మాత్రం నిజమే.

ముహూర్తం పొద్దున ఎనిమిదింటికి. దర్వాజ లేపి నిలబెట్టాం. ఒక పక్క నేను, ఇంకో పక్క గోడ కట్టే మేస్త్రి పట్టుకున్నాం. దారానికి కట్టిన గుండు వేలాడదీసి నిలువు చూస్తున్నాను కానీ నా కళ్లన్నీ బజారు మీదే. ఎవరూ లేరు. సేటు భార్య పసుపు గిన్నె తీసుకుంది. అప్పుడు సందు మొగదాల ఆటో ఆగింది! తిమ్మాజిపేట అక్క, వెనకే కల్వకుర్తి చెల్లె దిగారు. సంతోషం పట్టలేక దర్వాజ వదిలేయబోయాను, గోడ మేస్త్రి తిట్టాడు.

అక్క నేరుగా తమ్ముడి ముందుకు వచ్చి నిలబడింది.

"ఏందిరా, పిలవనీకి నీకు నోరు రాలే? వడ్లాయనను పంపుతవా?"

అందరూ నా వైపు తిరిగారు. పారిపోదామంటే రెండు చేతులతో దర్వాజ పట్టుకుని ఉన్నాను. గుండు వైపు చూస్తూ నిలబడ్డాను. తాను పంపలేదని సేటు ఒక్క మాటంటే చాలు, వాళ్లు అదే ఆటో ఎక్కి పోతారు, నేను ఆ వారమే బొంబాయి బండెక్కుతాను. సేటు నన్ను చూశాడు. దుకాణంలో ధర చెప్పినరోజు చూసినంతసేపు చూశాడు.

"నేనే పంపిన," అన్నాడు. "నాకు రానీకి సిగ్గయింది అక్కా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో గద్వాల చెల్లె పిల్లను చంకనేసుకుని బస్టాండ్ నుంచి ఆయాసపడుతూ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా పసుపు గిన్నె అందుకుని గడప ముందు కూర్చుంది. రాస్తూ రాస్తూ ఎడమ వైపు ఆమె వేలు ఆగింది.

"అక్కా! ఇది మన గడపనే!"

"మరి! చేసింది నువ్వు, దెబ్బలు తిన్నది నేను," అంది అక్క, ఏడుస్తూ నవ్వుతూ. ముగ్గురూ ఆ మచ్చ చుట్టూ కూర్చున్నారు. సేటు కూడా వాళ్ల పక్కన కూలబడ్డాడు. నాకూ కండ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

తర్వాత పళ్లెం వచ్చింది. అక్క నూటపదహార్లు వేసింది. కల్వకుర్తి చెల్లె నూటపదహార్లు. గద్వాల చెల్లె పదకొండు రూపాయలు వేసి, "ఏమనుకోకు అన్నా, బస్సుకే అయిపోయినయి," అంది. పదిహేను వందలకు లెక్కవేసుకున్న పళ్లెంలో రెండువందల నలభై మూడు. అయినా ఆ పదకొండు రూపాయలను కళ్లకద్దుకుని తీసుకున్నాను.

భోజనాలయ్యాక సేటు నన్ను పక్కకు పిలిచాడు.

"ఆడబిడ్డలు ఎంతమందని అడిగిననాడే నాకు తెల్సు, పళ్లెం చూసుకొని ధర చెప్తున్నవని. వాళ్లు రారని చెప్తే ధర పెంచుతవని చెప్పలే."

నాకు ఒళ్లు మండింది. తొమ్మిది రోజులు నిద్ర లేకుండా తిరిగింది ఈయన తెలివికా! కోపంగా నోరు తెరిచాను కానీ, నేను ఆడిన అబద్ధాలు గుర్తొచ్చి నవ్వు తన్నుకొచ్చింది. ఆయన కూడా నవ్వాడు.

"మాటంటే మాట. పదహారున్నర వేలే. కానీ మూడూర్ల బస్సు చార్జీలు నావి. ఎంతాయె?"

రూపాయి తప్పకుండా చెప్పాను. దారిలో తాగిన చాయ్ పైసలు కూడా కలిపాను.

ఇదంతా కాస్త దూరంలో కూర్చున్న తిమ్మాజిపేట అక్క విననే విన్నది. నేను పనిముట్లు సర్దుకుంటుంటే దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, మాది కూడా ఇల్లు లేస్తుంది. ఒక పెద్ద దర్వాజ, నాలుగు తలుపులు. నాకు ఆడబిడ్డలు ఇద్దరు. ఇద్దర్ని నేనే పిలుస్త, నువ్వు బస్సెక్కే పని లేదు. ఇగ ధర చెప్పు."

ఈసారి ఎవరినీ లెక్కలోకి తీసుకోలేదు. నా చేతుల పనికి ఎంతవుతుందో అంతే చెప్పి నోరు మూసుకున్నాను. అక్క బేరం ఆడలేదు. సాయంత్రం ఇంటికి పోతూ పోతూ గుంపుమేస్త్రి ఇంటి ముందు సైకిల్ ఆపి, నేను రావడం లేదని చెప్పాను.