పప్పు ఉడికే నీళ్లు

మా పెద్దమ్మ పోయిందన్న మాట డ్రైవర్ యాదగిరి మోసుకొచ్చాడు. హనుమకొండ చౌరస్తా దగ్గరి రీడింగ్ రూములో నేను ఒక కరపత్రం ముందేసుకుని ఇద్దరు మిత్రులతో గొంతు చించుకుంటున్నాను. యాదగిరి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"తమ్మీ, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగింది, మంచిగనే మాట్లాడింది. గోడకు ఒరిగి కూసున్నది కూసున్నట్టే పోయింది" అన్నాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని అతని వెంట నడిచాను. ఆ వాదన దేని గురించో ఎంత తలచుకున్నా ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.

ఆమె మా అమ్మకు అక్క. సభల్లో మాట్లాడలేదు, ఏ సంఘంలోనూ లేదు. ఇటువంటి మనిషి గురించి రాయడానికి ఏముందని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. ఉండనీయండి. ఒక ముసలి లారీకి ఏ నీళ్లు పోయాలో కనుక్కోవడానికి ఆమె పడ్డ తిప్పలు నేను దగ్గరుండి చూశాను. వాటిని చెప్పుకోకుండా నేనింకేం చెప్పుకున్నా దండగే.

మా పెద్దనాయన వరంగల్ గింజల మార్కెట్లో వ్యాపారి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న లారీల్లో ఒకటి ఆయన కొన్నాడు. ఆయన పోయాక ఇల్లు, దుకాణం పెద్దమ్మ మరిది చేతికి వచ్చాయి. లారీ ఒక్కటే ఆమెకు మిగిలింది. అదే ఇంట్లో వెనక గదిలో ఉంటూ, లారీ కిరాయి మీద తన పొయ్యి తాను వెలిగించుకునేది. మరిది చెడ్డవాడని నేననను. కాని వదిన లారీ తిప్పుతున్నదని బజారు నవ్వుతుంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది. "మనింట్ల అన్నం లేదా వదినె? ఆ డబ్బాను పాత ఇనుము కబాడీకిచ్చి మా దగ్గర తిను" అనేవాడు. "పని లేకుంట తింటే నాకు అరగది" అనేది ఆమె.

ఆ ఎండాకాలం లారీ ఎక్కడపడితే అక్కడ పొగలు కక్కడం మొదలుపెట్టింది. రేడియేటర్ నీళ్లు సలసల మరగడం, నడిదారిలో ఆగిపోవడం, సరుకు వాళ్లు తిట్టడం. చుట్టాల్లో పెద్దలు కూర్చున్నారు. ఇంకొక్కసారి నీళ్లు మరిగి దారిలో ఆగిందంటే అమ్మేయాల్సిందేనన్నారు. పెద్దమ్మ సరేనన్నది. అయితే ఆ వచ్చే కిరాయికి మరిది కూడా లారీలో రావాలని, మరిగిందో లేదో తన కళ్లతో చూసి చెప్పాలని ఆమె షరతు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడమనిషి సొంత కూడు తినడానికి పంచాయితీ ఏమిటని పెద్దల మీదికి లేచాను. ఆమె నా రెక్క పట్టి కూర్చోబెట్టి, నీ కోపం రేపటికి దాచుకో, పనికి మనుషులు కావాలన్నది.

మర్నాడు యాదగిరి పెరట్లో రేడియేటర్ ఊడదీశాడు. వంచగానే కింది గొట్టంలోంచి పసుపుపచ్చటి బురద కారింది. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మరిది మాత్రం తువ్వాలు సవరించుకుంటున్నాడు. దసరానాడు బండికి పూజ చేసినప్పుడు, కొట్టిన కొబ్బరికాయ నీళ్లూ, పసుపు కుంకుమ కలిపిన నీళ్లూ మూత తీసి భక్తితో లోపల పోసింది ఆయనే.

"దేవునికి చేసింది బండికి చెడా?" అన్నాడు.

"దేవుని పేరు జెప్పి నువ్వు తాపినవు, అది తాగింది. దానికేం ఎరుక పాపం" అన్నది పెద్దమ్మ. యాదగిరి నవ్వు ఆపుకోలేక తల అవతలికి తిప్పుకున్నాడు.

పసుపు బురద కడిగేశాక, దాని కింద తెల్లటి పెచ్చు కనబడింది. ఆమె గోటితో గీకి చూసింది. స్నానానికి నీళ్లు కాగబెట్టే రాగి కాగులో అడుగున పట్టేదే ఇదీ అన్నది. రేడియేటర్ దేనితో చేస్తారని యాదగిరిని అడిగింది. రాగీ ఇత్తడీ అని చెప్పాడు.

"ఇత్తడికి చింతపండు తెల్వదా ఏంది?"

ఇక్కడ నా పుస్తకం కథ చెప్పాలి. స్టేషన్ ముందు పాత కాగితాల కుప్పలో నాకు మోటారు బండ్ల సంరక్షణ మీద ఒక పల్చటి పుస్తకం దొరికింది. నేను చదివేవాటిని చూసి మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు, వాటితో పొయ్యి రాజేసుకునేవాళ్లు. పెద్దమ్మ ఒక్కతే చేటలో బియ్యం పక్కన పెట్టి, "ఏమంటాంది రా నీ కాయితం? సదువు" అనేది. చదివాను. ఇంజనుకు నీళ్లతో పాటు ఒక పచ్చరంగు ద్రావకం కలపాలని, అప్పుడు చలికి నీళ్లు గడ్డకట్టవని అందులో ఉంది.

"ఓరుగల్లుల నీళ్లు గడ్డకడుతయారా?" అన్నది. నాకు కోపం వచ్చింది. అది తుప్పు కూడా పట్టనివ్వదని గట్టిగా చదివాను. ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, అట్లయితే మంచిదే, దొరికిననాడు తెద్దామన్నది. హైదరాబాదులో వాకబు చేయించింది కూడా, దొరకలేదు.

పుస్తకంలో మరో మాట ఆమెకు బాగా పట్టింది. లోపలి నీళ్లు ఊరికే మార్చవద్దని, తగ్గినంతే పోయాలని, కొత్త నీళ్లు వచ్చినప్పుడల్లా కొత్త సున్నం వెంట వస్తుందని. యాదగిరికి రోజూ పొద్దున్నే పాత నీళ్లు వదిలేసి తాజావి పట్టడం అలవాటు. ముసలి బండికి పాచి నీళ్లు పెట్టడమా అని ఒకపూట అలిగాడు. పెద్దమ్మ కూడా దేవుడికి నిన్నటి నీళ్లు పెట్టని మనిషే. అయినా, "కాయితం జెప్పిన మాట నిజమే యాదగిరీ. కాగుల నీళ్లు మార్చినకొద్దీ పెచ్చు పెరుగుతది, నేను సూస్తలేనా" అని ఒప్పించింది.

చింతపండు పులుసు పోసి నానబెట్టి, సోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లు కింది గొట్టంలోంచి పైకి ఎదురు పట్టి రేడియేటర్ తేటబరిచారు. ఇక ఏ నీళ్లు పోయాలన్నది మిగిలింది. మార్కెట్ బావి నీళ్లు చూపుకు అద్దంలా ఉంటాయి. ఆమె నమ్మలేదు. తెలిసిన బావులన్నిటి నీళ్లూ తెప్పించి, ఒక్కొక్క గిన్నెలో పిడికెడు కందిపప్పు వేసి పొయ్యి మీద పెట్టింది. మార్కెట్ బావి నీళ్లలో పప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉండిపోయింది. హసన్‌పర్తి దారిలో ఒక తోట బావి నీళ్లలో మెత్తగా కలిసిపోయింది. పప్పును ఉడకనివ్వని నీళ్లే గిన్నెకు సున్నం పట్టిస్తాయని, ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతేనని చెప్పింది. ఆ తోట నీళ్లే కాచి, చల్లార్చి, బట్టలో వడగట్టి పోయించింది. వానలు పడితే గోలెం నింపుకుందాం, అంతదాకా ఇవి చాలునన్నది.

కిరాయి రఘునాథపల్లి నుంచి యాసంగి వడ్లు తేవడానికి. ముందు సీట్లో యాదగిరి పక్కన మరిది, పెద్దమ్మ. వెనక ఖాళీ గోనెసంచుల మీద నేను. వైధవ్యంలో ఉన్న మనిషి లారీ ఎక్కిందని బజారంతా చూసింది. నేను కిందికి దూకి ఒకరిద్దరిని నిలదీద్దామనుకున్నాను గాని లారీ కదిలింది.

తిరుగు దారిలో, ఎండ నడినెత్తిన ఉండగా, ఇంజను ముందు రబ్బరు గొట్టం చిట్లింది. యాదగిరి ఇంకా పొగ రాకముందే పసిగట్టి ఆపాడు. సైకిల్ ట్యూబు ముక్కతో గొట్టం కట్టేశాడు. చల్లారాక, వెంట తెచ్చుకున్న డబ్బాలోని నీళ్లు రేడియేటర్లో పోస్తే సగానికే వచ్చాయి. పక్కనే పొలంలో మోటబావి నిండుగా ఉంది. పోసి నడవండన్నాడు మరిది. యాదగిరి పుక్కిట పట్టి ఉమ్మేశాడు. ఉప్పు కషాయం.

పెద్దమ్మ దిగి ఊళ్లోకి నడిచింది. నేను వెనకే పోయాను. మొదటి ఇంటి ముందు వడ్లు చెరుగుతున్న ఆడవాళ్లను ఆమె నీళ్లు ఉన్నాయా అని అడగలేదు.

"అక్కా, మీ ఊళ్లె ఏ బాయి నీళ్లకు పప్పు జల్ది ఉడుకుతది?"

వాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లలో వాళ్లే తగువు పడ్డారు. మా బావి అంటే మా బావి అన్నారు. చివరకు ఒక ముసలామె, నిజం చెప్పాలంటే ఊరవతలి వాడ బావి నీళ్లేనని, కాని వాటిని వీళ్లెవరూ ముట్టరని చెప్పింది. మరి ముట్టకుండా పప్పు సంగతి నీకెట్లా తెలిసిందని పక్కామె ఎత్తిపొడిచింది. ముసలామె చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

పెద్దమ్మ ఆ వాడకే పోయింది. కథ వినగానే ఒక తల్లి బిందె ఎత్తుకుని, ఇద్దరు కోడళ్లను వెంటబెట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. మరిది పెదవి విరిచి ఏదో అనబోయాడు. నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది, పెద్దదే. దాని అవసరం పడలేదు. పెద్దమ్మ దోసిలి పట్టి, "జర పొయ్యి బిడ్డా, బండికి పోసేముందు నేను రుచి జూడాలె" అని అందరి ముందూ కడుపారా తాగింది. మూతి తుడుచుకుని, "మంచిగున్నయి. పొయ్యి యాదగిరీ" అన్నది.

సాయంత్రానికి మార్కెట్ చేరాం, మళ్లీ ఎక్కడా ఆగలేదు. హమాలీలు బస్తాలు దింపుతున్నారు. మరిదికి మాత్రం నమ్మకం కుదరలేదు. దారిలో కట్టిన గొట్టం కారిపోయి ఉంటుందని, చుక్క కూడా మిగిలి ఉండదని, బానెట్ ఎత్తి మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు. చెయ్యి కాలుతది. చల్లారనియ్యి, అందాక కూసో" అన్నది పెద్దమ్మ, దించిన బస్తా మీద తాను కూర్చుంటూ. ఆయన నిలబడి నిలబడి చివరకు పక్క బస్తా మీద చతికిలబడ్డాడు. నన్నూ కూర్చోమన్నది. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. అది నేర్పినందుకు కూడా ఆమెకు రుణపడి ఉన్నాను, పూర్తిగా అబ్బిందని మాత్రం చెప్పలేను.

యాదగిరి గుడ్డ వేసి మూత తిప్పాడు. నీళ్లు మెడ దాకా ఉన్నాయి. మరిది వంగి చూశాడు. మళ్లీ వంగి చూశాడు.

"రేపటి కిరాయి ఎక్కడికి యాదగిరీ?" అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని దుకాణం వైపు నడిచాడు. ఆ లారీని అమ్మే మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కన్నుమూసిన రోజు దాకా ఆమె పొయ్యి ఆమెదే.

ఆ సాయంత్రం ఆమె వెంటనే లేవలేదు. బస్తా మీద కాళ్లు చాపుకుని, చీరకు అంటిన వడ్ల పొట్టు ఒక్కొక్కటే ఏరుకుంటూ కూర్చుంది. తెరిచిన బానెట్ మీదినుంచి లేచే వేడిగాలిలో అవతలి దుకాణాలు, బండ్లు, మనుషులు మెల్లగా ఊగుతున్నట్టు కనబడుతున్నారు. ఆమె వాళ్లందరినీ చూస్తూ, కొంగుతో ఒకసారి తనకూ ఒకసారి ఇంజనుకూ విసురుతున్నది.