డాక్టర్ సాబ్ నన్నే అడిగిన రోజు

మొన్న అజీర్తికని మెడికల్ షాపులో కొన్న గులాబీరంగు మందు మూత తీయగానే సోంపూ పుదీనా కలిసిన వాసన గుప్పున కొట్టింది. వంటింట్లో చెంచా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. అది మా మెదక్‌లో ఖాదర్ డాక్టర్ సాబ్ దవాఖాన వాసన. బజారు దాటి చర్చి దిక్కు పోయే తొవ్వలో ఒక పాత పెంకుటింటి ముందుగదిలో నడిచేది ఆ దవాఖాన.

దవాఖానకు పోవడమంటే పిల్లలు ఏడుస్తారంటారు గానీ నాకది జాతర. అమ్మ తలకు నూనె రాసి, రెండు జడలేసి, ఖాళీ సీసాను వేడినీళ్లతో కడిగి సంచిలో పెట్టేది, ఎందుకంటే మందునీళ్లు మనం తీసుకుపోయిన సీసాలోనే పోసిచ్చేవాళ్లు. బల్ల మీద వరుసగా కూర్చుంటే బయట బండి మీద కాలుతున్న మక్క కంకుల వాసన లోపలి స్పిరిట్ వాసనతో కలిసి వచ్చేది. పిల్లలం బరువు తూచే మిషన్ ఎక్కి ముల్లు వణకడం చూసి దిగి, కాంపౌండర్ అటు తిరగ్గానే మళ్లీ ఎక్కేవాళ్లం. డాక్టర్ సాబ్ నాడి పట్టుకునే ముందు, కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ నాయనకు వచ్చిన నడుం నొప్పి ఎట్లున్నదో, శివ్వంపేటలో అమ్మమ్మ అన్నం తింటున్నదో లేదో అడిగేవాడు. చివరికి కాంపౌండర్ తెల్లకాగితం పట్టీని కత్తెరతో గాట్లు పెట్టి సీసాకు అంటించేవాడు, ఒక్కో గాటు ఒక్కో పూట మోతాదు.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు వానాకాలంలో మాత్రం మా ఇంట్లో నవ్వులు తగ్గాయి. ఏమడిగినా నేను మొహంలోకి చూస్తూ ఊరుకుంటున్నానని, దసరా సెలవుల్లోపు మార్పు రాకపోతే మళ్లీ రెండో తరగతిలో కూర్చోబెడతామని టీచరమ్మ కబురు పంపింది. అమ్మ నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి పలికేదాన్ని. వాడలో ఆడవాళ్లు నన్ను చెవిటిపిల్ల అంటున్నారని అమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. నాయన ఆ రోజు మిషన్ తొక్కలేదు.

ఎవరికీ తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. ఎండాకాలంలో చెవి దురదపెడితే బలపంతో గోక్కున్నాను, కొస విరిగి లోపలే ఉండిపోయింది. చెవిలో పుల్లలు పెట్టొద్దని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, అందుకని దెబ్బలకు జడిసి నోరు మూసుకున్నాను. రోజులు గడిచేకొద్దీ లోకమంతా తలుపు వేసిన గదిలో మాట్లాడుతున్నట్టు దూరమైపోయింది.

అమ్మ నన్ను డాక్టర్ సాబ్ దగ్గరికి తీసుకుపోయి మొదటినుంచీ అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు. ఆ తర్వాత కుర్చీ జరుపుకుని నా ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లకు తగిలేంత దగ్గరగా కూర్చుని గట్టిగా అడిగాడు.

"అమ్మను గాదు బిడ్డా, నిన్నే అడుగుతున్న. చెవు నీది. ఏమైందో నువ్వే చెప్పాలె."

అంతకుముందు నన్నెవరూ అట్లా అడగలేదు. "బలపం ఇరిగింది సాబ్. లోపల్నే ఉన్నది," అన్నాను. అమ్మ చెయ్యి లేచింది.

"కొట్టకుండ్రి అమ్మా," అన్నాడాయన. "ఇయ్యాల కొడితే రేపు ఏమైనా చెప్పదు."

నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని, బల్బు వెలుతురు చెవిలో పడేట్టు తిప్పి చూశాడు. కుడిచెవిలో బలపం చుట్టూ గులిమి గట్టిపడిందని, ఎడమచెవి కూడా గులిమితో మూసుకుపోయిందని, నాలుగు రోజులు చుక్కలు వేసి ఐదో రోజు రమ్మని చెప్పాడు. ఆ చుక్కలతో గులిమి నాని ఉన్న కాస్త వినికిడీ పోయింది. అట్లా అవుతుందని ఆయన ముందే చెప్పినా, అమ్మ ఒళ్లో పక్కకు తిరిగి పడుకుని ఇక ఎప్పటికీ ఇంతేనేమో అనుకున్నాను.

ఐదో రోజు ఆయన చేయబోయేదంతా చేతులతో చేసి చూపించాడు. గోరువెచ్చని నీళ్లు ముందు తన మణికట్టు మీద, తర్వాత నా మణికట్టు మీద పోశాడు. తల తిరిగితే చెయ్యెత్తమని, ఎత్తగానే ఆపుతానని సైగ చేశాడు. భుజం మీద తువ్వాల వేసి, చెవి కింద కాంపౌండర్ స్టీలు గిన్నె పట్టుకుంటే పెద్ద పిచికారీతో నీళ్లు కొట్టాడు. తలలో వాగు పారినట్టైంది. ఒకసారి చెయ్యెత్తాను, మాట ప్రకారం ఆగాడు. మళ్లీ మొదలుపెట్టిన రెండో పిచికారీకి గిన్నెలో టక్కుమని ఏదో పడింది.

ఆ టక్కును నేను విన్నాను. దాని వెంటే పైన ఫ్యాను కిర్రుమనడం, తొవ్వలో రిక్షా గంట, బల్ల మీద ఎవరో ముసలాయన దగ్గు, వెనక నిలబడ్డ అమ్మ ముక్కు ఎగబీల్చడం, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పకపకా నవ్వాను, నా నవ్వు నాకే వినిపించి ఇంకా నవ్వాను. ఎడమచెవి కూడా కడిగించుకుని అమ్మ చెయ్యి విడిపించుకుని ఇంటిదాకా ఉరికాను.

ఆ వారంలోనే సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు పూల పచ్చివాసనలో, నువ్వుల సద్ది, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు నోట్లో ఉండగానే ఆడవాళ్ల వరుసలోకి దూరాను. పండుగ మొదటి రోజు అందరి తర్వాత పడ్డ నా చప్పట్లు ఈసారి అందరితో కలిసి పడ్డాయి. సెలవులయ్యాక మూడో తరగతిలోనే, మొదటి వరుసలో కూర్చున్నాను.

డాక్టర్ సాబ్ పోయి చాలా ఏళ్లైంది. ఆ పెంకుటింటి చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పెద్ద ఆస్పత్రులొచ్చాయి, అద్దానికి కనపడనివి మిషన్లు చూపిస్తున్నాయి, అది మంచిదే. కానీ ఇంటిల్లిపాది సంగతులు తెలిసిన డాక్టర్ మాత్రం మా వాడలో ఎవరికీ లేడు. పోయిన నెల కడుపునొప్పని మా పాపను తీసుకుపోతే డాక్టర్ అన్నీ నన్నే అడిగి, కంప్యూటర్‌లో కొట్టుకుని, చీటీ ఇచ్చాడు. పాప ఏదో చెప్పబోయింది, అంతలో తర్వాతి నంబరు పిలిచారు. బయట మెట్ల మీద కూర్చోబెట్టి ఏం చెప్పాలనుకున్నావని అడిగాను. బడిలో బాత్రూంకు గడియ లేదని, భయమై పొద్దంతా ఆపుకుంటున్నానని నెమ్మదిగా చెప్పింది. తన చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి మళ్లీ మెట్లెక్కాను.