వసుంధరక్క చేతికి దొరికిన క్యూ

నిన్న మధ్యాహ్నం తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో ప్లేట్ పట్టుకుని సీటు వెతుక్కుంటుంటే బావగారి ఫోన్.

"మీ అక్క పొద్దున పోయింది అబ్బీ" అన్నారు. నిద్రలోనే. గుండె.

సింగపూర్‌లో నాకున్నది ఒక్క అక్కే. అయినా "ఏ అక్క?" అని అడిగాను.

తర్వాత ప్లేట్ ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. వసుంధరక్కది ప్రొద్దుటూరు. Y2K రోజుల్లో సైన్స్ పార్క్‌లో మా టీమ్‌కి టెస్టింగ్ లీడ్. నేను రాజమండ్రి నుంచి కొత్తగా దిగిన ప్రోగ్రామర్‌ని. బావగారు జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజనీర్, ఎప్పుడూ షిఫ్టులే. బుకిట్ పంజాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్ నాకు రెండో ఇల్లు.

శుక్రవారం సాయంత్రం ఆఫీస్ అవ్వగానే టీమ్ అంతా పూల్ ఆడటానికి, అదే బల్ల మీద బంతుల్ని మూలల్లోని పాకెట్లలోకి కొట్టే ఆటకి, పోయేవాళ్ళం. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్క బ్యాగులు చూసుకుంటూ కూర్చుంటుంది అనుకున్నా.

అందరికంటే బాగా ఆడేది అక్కే.

నేను స్టాండ్‌లోంచి బాగా మెరిసే క్యూ, అంటే బంతిని కొట్టే పొడుగు కర్ర, తీసుకున్నా. అక్క దాన్ని టేబుల్ మీద పెట్టి దొర్లించింది. ఎగిరెగిరి పడింది.

"వంకర పోయింది. రంగు సూసి తీసుకుంటారా ఎవరైనా?" అంది.

ఇంకో రెండు ఇచ్చి, ఒకే షాట్ రెండిటితోనూ కొట్టించింది. బరువుది బంతిని దబ్బున తోసేసింది. నేను నెమ్మదిగా కొట్టానన్న సంగతే దానికి పట్టలేదు. తేలికది నేనెంత కొడితే అంతే పోయింది. కానీ నా చెయ్యి కాస్త వణికితే బంతి కూడా పక్కకి పోయింది.

"బరువుది నీ తప్పులు కొన్ని దాస్తాది. తేలికది ఏదీ దాయదు. నీకేది కావాల్నో నువ్వే తేల్చుకో."

అక్కకి సొంత క్యూ ఉండేది. మేపుల్ చెక్కది, పెళ్ళిరోజుకి బావగారు కొన్నది. ఒకసారి నా చేతికిచ్చింది. వేళ్ళ మధ్య వెన్నలా జారింది. కొసనున్న తోలు టిప్ మెత్తగా ఉండి, బంతిని ఒక్క క్షణం పట్టుకుని వదిలినట్టు అనిపించేది. దాని తర్వాత క్లబ్ క్యూ పట్టుకుంటే చీపురుకట్ట పట్టుకున్నట్టే ఉండేది.

ఆ ఏడాది వానల్లో ఓవర్‌హెడ్ బ్రిడ్జ్ మెట్ల మీద జారి పడింది అక్క. కుడి మణికట్టు విరిగింది.

ఎముక అతుక్కుంది. కానీ చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారిపోయాయి. నరం దెబ్బతిందన్నారు డాక్టర్లు. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు.

కట్టు విప్పాక సొంత క్యూ పట్టుకుంది. చేతిలోంచి జారి నేల మీద పడింది. పడినట్టు తనకి చప్పుడు వినిపించేదాకా తెలియలేదట.

దాన్ని కవర్లో పెట్టేసి, మంచం కిందకి తోసేసింది. టైపింగ్ కూడా రావట్లేదని, రిజైన్ చేసి ఊరికి పోతానని బావగారితో అంది. మాట్లాడటమే తగ్గించేసింది.

అప్పుడు సాయానికి ప్రొద్దుటూరు నుంచి వాళ్ళ అత్తగారు వచ్చి ఉన్నారు. ఒక ఆదివారం నేను వెళ్తే నన్ను వంటింట్లోకి పిలిచారు.

"ఆ కర్రలాట యాడ ఆడుతుందో సూపీ అబ్బీ. ఇంట్లో ఇట్లా గోడ సూస్తా కూర్చుంటే నేను సూడలేను."

అక్క రానంది. అత్తగారు చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఇంక రాక తప్పలేదు.

పూల్ హాల్‌లో కాటన్ చీరలో ఆవిడ. చుట్టూ సిగరెట్ పొగ, మెషీన్‌లో ఏదో చైనీస్ పాట. ఆవిడ ఇవేమీ పట్టించుకోలేదు. స్టాండ్ దగ్గరికి పోయి, ఒక్కో క్యూ తీసి కోడలికి అందించడం మొదలుపెట్టారు.

బరువుది పడితే మణికట్టు నొప్పి. సన్నది పడితే జారిపోతోంది. సన్న టిప్ స్నూకర్ క్యూతో బంతి మధ్యలో తగలనే లేదు. అక్క కళ్ళలో నీళ్ళు.

"ఇది కాదా? సరే, ఇంగొకటి సూడు" అంటున్నారు అత్తగారు, చీరల షాపులో నిలబడినట్టు.

చివర్లో ఒక పాతది దొరికింది. తేలిక. వెనక భాగం లావు. పట్టు కోసం ఎవరో రబ్బరు చుట్టారు. అక్క మూడు వేళ్ళతో బిగించి పట్టుకుంది.

మొదటి షాట్‌కి, ఆటలో పడకూడని తెల్ల బంతే పాకెట్లో పడింది.

"పడింది కదమ్మీ" అన్నారు అత్తగారు సంతోషంగా.

అక్క నవ్వింది. మెట్ల మీద పడ్డాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ సాయంత్రం ఆడుతూనే ఉంది. కాసేపటికి నాతో అంది, "సరిగ్గా తగిల్తే ఒక శబ్దం, పక్కకి తగిల్తే ఇంకో శబ్దం. వేళ్ళకి తెలీకపోయినా చెవికి తెలుస్తాంది."

రిజైన్ చెయ్యలేదు. మెల్లగా టైప్ చేసేది, అయినా బగ్స్ మాత్రం ఏవీ తప్పించుకునేవి కావు. మేపుల్ క్యూని మా టీమ్‌లో ఒక చైనీస్ అమ్మాయికి ఇచ్చేసింది. "మంచి వస్తువు, ఊరికే పడుకోకూడదు" అంది. ఇవ్వడానికి ముందు ఒకసారి తుడిచింది, అంతే.

తర్వాత డాట్‌కామ్ బుడగ పేలింది. మా టీమ్ చెల్లాచెదురైంది. ఆ వేళ్ళకి స్పర్శ పూర్తిగా ఎప్పటికీ రాలేదు. అక్క ఆట మానలేదు.

నిన్న సాయంత్రం అక్క వాళ్ళ ఫ్లాట్ ఉన్న బ్లాక్ కింద అందరం కూర్చున్నాం. అక్క కూతురు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నా పక్కకి వచ్చింది.

"అంకుల్, అమ్మ ఫింగర్స్ ఎందుకు అలా ఉండేవి? షీ నెవర్ టోల్డ్ మీ లా" అంది సింగపూర్ యాసలో.

అంతా చెప్పాను. వాళ్ళ నానమ్మ పూల్ హాల్‌లో నిలబడి క్యూలు అందించడం కూడా.

పిల్ల నవ్వుతూ ఏడ్చింది. "నానమ్మా? పూల్ హాల్‌లోనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

వెళ్ళిరా అక్కా.

పాపని మేం చూసుకుంటాం. నువ్వు ప్రశాంతంగా నిద్రపో.