కత్తిరాయి మీద ఇద్దరు బావగార్ల తగువు

మా పుట్టినూరికీ అత్తగారి ఊరికీ మధ్య ఒక కాలవే అడ్డం. రెండూ చిట్టమూరు వైపు పల్లెలే. కాలవ గట్టు మీద కత్తి ఎత్తిన మనిషిని చెక్కిన రాయి ఒకటి ఉంది. కత్తిరాయి అంటాం. పూర్వం రెండు ఊళ్లకీ అక్కడ యుద్ధం జరిగిందనీ, ఆ వీరుడు మావాడేననీ, గెలిచింది మేమేననీ మా నాయన నాకు ఉగ్గుపాలతో పోసినాడు. పెళ్లయి కాలవ దాటితే మామ అదే కథ చెప్పినాడు. కాకపోతే వీరుడు వాళ్లవాడు, ఓడింది మేము.

ఆ ఏడాదే పాత శాసనాలు చదివే మేడం ఒకామె జీపులో వచ్చింది, రాయి పక్కన బోర్డు పెట్టిస్తామని. రెండు ఊళ్లూ గట్టెక్కినాయి. పెళ్లిలో మా నాయన పెట్టిన పట్టుపంచె కట్టుకుని వచ్చిన మామ, ఆయనతోనే తగువుకు దిగినాడు.

"వీరుడి మొహం చూడండి బావగారూ, మా ఊరి వైపే ఉంది," అన్నాడు నాయన.

"మీ మీదికి వస్తా ఉన్నాడు గదా బావగారూ, మీ వైపు గాక ఎటు తిరగతాడు?" అన్నాడు మామ.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నా. "నవ్వబాక, చంపేస్తారు," అన్నాడు మా ఆయన. ఆయన భుజాలే ఊగిపోతున్నాయి.

మేడం ముగ్గుపిండి అడిగితే పరిగెత్తి తెచ్చిచ్చినా. అక్షరాల మీద రుద్ది, కూడబలుక్కుని చదివింది. "ఇందులో యుద్ధం లేదండీ. దొంగలు ఆవుల్ని తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయాడు. ఊరి పేరున్న చోట రాయి పగిలిపోయింది."

ముందు నాయన తేరుకున్నాడు. "ఆ ఆవులు మావే!"

"అట్నా? అయితే మనిషి మావాడు. మీ ఆవుల కోసం ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇన్నాళ్లలో ఒక్క మంచిమాటన్నా అన్నారా బావగారూ?"

ఇంక నా వల్ల కాలేదు. పకపకా నవ్వేసినా. మా ఆయన కడుపు పట్టుకుని గట్టు మీద కూలబడినాడు. మేడం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటా, "నీది ఏ ఊరమ్మా?" అంది. అన్ని తలకాయలూ నా వైపు తిరిగినాయి.

"పుట్టింది అటు, మెట్టింది ఇటు మేడం. ఎవరు గెలిచినా గెలుపు నాదే!"

మామ మీసం వణికింది. కోపమేమో అనుకున్నా. నవ్వు! నాయన కూడా ఆపుకోలేకపోయినాడు.

బోర్డు మీద ఎవరి ఊరి పేరు ముందుండాలని మళ్లీ లేచింది తగువు. చివరికి మేడం బోర్డుకు రెండు పక్కలా రాయించింది, ఏ ఊరి వైపు ఆ ఊరి పేరు ముందు వచ్చేట్టు. అది నాటిన రోజు నాయనా మామా ఒకే బండెక్కి చిట్టమూరులో టీ తాగొచ్చినారు. దారి పొడుగునా ఆ ఆవులు తెల్లవా కపిలవా అని కొట్లాడుకున్నారంట.