సెల్లు తడవకుండా

ఈ రోజు వేరే వార్త కోసం ఉద్దానం తీరంలోని ఓ ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లాను. నర్సమ్మ ముందు పంతొమ్మిదేళ్ల కోడలు పిల్ల నిలబడి ఉంది. భర్త గుజరాత్‌లో చేపల బోటు మీద పనిచేస్తాడు. తొమ్మిది నెలల తర్వాత రేపు ఇంటికొస్తున్నాడు. ఆ బోటులోనే ఇద్దరికి హెచ్‌ఐవీ ఉందని తేలిందట. భర్తకు పలాసలో రక్తపరీక్ష చేయించేదాకా జాగ్రత్తగా ఉండాలని, నిరోధ్ ప్యాకెట్లు ఇమ్మని అడిగింది.

"పిల్లలే నేరు, నీకివెందుకే? తెలిస్తే మీ అత్త నన్ను సంపేత్తాది" అంది నర్సమ్మ.

ఆ అమ్మాయి నెమ్మదిగా, "పోనీ మా తమ్ముడికియ్యమ్మా. కన్నోరింటికాడ ఉంటాడు. ఏటకెల్తే సెల్లు తడిసిపోతంది" అంది.

ఇక్కడి కుర్రాళ్లు సెల్‌ఫోన్‌ను నిరోధ్‌లో పెట్టి, ముడేసి, వేటకు తీసుకెళ్తారు. అది అందరికీ తెలిసిందే.

"అలగని ముందే సెప్పొచ్చు గదేటే!" అంటూ నర్సమ్మ నాలుగు ప్యాకెట్లు ఇచ్చి, రిజిస్టరులో 'తమ్ముడికి' అని రాసుకుంది.

అమ్మాయి వాటిని కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. తమ్ముడు నిజంగా ఉన్నాడా అని నర్సమ్మ అడగలేదు. నేనూ అడగలేదు. మీరైతే అడిగేవారా?