గేటు ఇవతలి సగం

తెల్లవారుజాము ప్రార్థన ముగియగానే అందరూ ఇళ్ళకు మళ్ళితే, మల్సున్ మాత్రం రేవు వైపు దిగేది. దారిలో ఇన్‌డక్ ఇల్లు ఉంది. దాని నీలిరంగు ఇనుప గేటుకు సముద్రపు ఉప్పు తగిలి తగిలి అడుగున చిల్లులు పడ్డాయి. మల్సున్ ఆ గేటు తెరిచేది కాదు. చేతి తొడుగు తీసి, మునివేళ్ళతో రెండుసార్లు తట్టి, ఒక బైబిలు వాక్యంలో మొదటి సగం అనేది. లోపలి నుంచి, ఇంకా నిద్ర వదలని గొంతుతో, ఇన్‌డక్ రెండో సగం అనేది. అలా రోజూ మూడు వాక్యాలు. కొత్తది ఒకటి, నిన్నటిది ఒకటి, పోయినది ఒకటి. పోయినదంటే ఒకప్పుడు నోటికి వచ్చి, తర్వాత జారిపోయినది. దాన్ని వెతికి తెచ్చుకోవాలి.

ఆ పద్ధతి ఇన్‌డక్ పెట్టిందే. “కొత్తవాటికి ఆశపడి పాతవాటిని వదిలేశావనుకో, చిల్లుబుట్ట పట్టుకుని చిప్పలేరినట్టే ఉంటుందే నీ బతుకు” అనేది.

మల్సున్ ఆ దీవికి కోడలిగా వచ్చిన కొత్తలోనే భర్త ఎక్కిన పడవ తిరిగి రాలేదు. ఆ చలికాలమే ఆమె ఆల్చిప్పలు ఒలిచే పాకలో చేరింది. పక్క పీట ఇన్‌డక్‌ది. కత్తి ఎక్కడ దూర్చాలో, ఎటు తిప్పాలో, అరచెయ్యి తెగకుండా ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆమే. ఏడుస్తూ ఒలుస్తుంటే, “చేతులకి పనుంది గానీ నోటికి లేదు. ఖాళీ నోట్లో ఈగలు దూరతాయి. ఇదిగో, ఈ మాట పట్టుకో” అని కాపరి కీర్తనలో మొదటి ముక్క ఇచ్చింది. మల్సున్‌ది మందబుద్ధి. ఆ ఒక్క ముక్క నిలవడానికి వారం పట్టింది. ఇన్‌డక్ విసుక్కోలేదు. రోజూ అదే ముక్క, అదే నవ్వుతో.

ఆ పాకలో ఎదురు పీట కిల్జాది. ఆమె మందిరం గడప తొక్కే మనిషి కాదు. పడవలు బయలుదేరే రోజున సముద్రపు రాజుకని అన్నం ముద్ద నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకునేది. నోరు తెరిస్తే తిట్లే. “మీ ఇద్దరి గొణుగుడుకి చిప్పలే విసుగెత్తి నోళ్ళు తెరుస్తున్నాయే!” అని వెక్కిరించేది. కానీ పొద్దున్నే అందరికంటే ముందొచ్చి పొయ్యి రాజేసి, మల్సున్ తొడుగులూ ఇన్‌డక్ తొడుగులూ దాని మీద వెచ్చబెట్టి ఉంచేది. ఎవరైనా గమనిస్తే, “నావి పెడుతుంటే మీవి అడ్డొచ్చాయిలే” అనేది.

ఏళ్ళు గడిచాయి. ఇన్‌డక్ పాకకు రావడం మానేసింది. ముందు కుండ పొయ్యి మీద మరిచిపోయింది, తర్వాత దారి, ఆ తర్వాత మనుషులు. కొడుకు తోంగుక్ చీకటితోనే పడవ మీద పోయేవాడు. పగటిపూట చూసుకునే మనిషి వచ్చేదాకా ఆమె ఒంటరిగా ఇంట్లో కూర్చునేది. అయినా గేటు మీద రెండుసార్లు చప్పుడై, మొదటి సగం వినబడిందంటే, రెండో సగం తిరిగి వచ్చేది. ఎవరు తట్టారో ఆమెకు తెలియదు. ఏం చెప్పాలో తెలుసు.

మల్సున్‌కు అది చాలు. ఆ సంగతి మురిసిపోతూ మందిరంలో నలుగురి దగ్గరా చెప్పింది. అక్కడే వచ్చింది తంటా.

సంఘపెద్ద ప్యో ఆ దీవిలో సగం పడవలకూ, ఆల్చిప్పల పాకకూ యజమాని. తలకు నూనె, బూట్లకు మెరుపు, మాటకు వెన్న. ఏ మాటకైనా వాక్యం అతని నాలుక చివర సిద్ధంగా ఉండేది. కూలి అడిగితే సంతృప్తి మీద ఒకటి, సెలవు అడిగితే సోమరితనం మీద ఒకటి. అతను ఇన్‌డక్ సంగతి విని కళ్ళు పెద్దవి చేశాడు.

“ఇది దేవుని మహిమ కదా, సోదరీ! దీపాన్ని గంప కింద పెడతామా? కోతపండుగ ఆరాధనలో ఆమెను నిలబెడదాం. నువ్వు మొదటి సగం అను, చాలు.”

తోంగుక్ అతని పడవలోనే పనిచేస్తాడు కనుక తల ఊపాడు. మల్సున్ కూడా మంచిదే అనుకుంది. నలుగురూ విని బలపడతారు అనుకుంది.

పండుగనాడు మందిరం నిండింది. బల్ల ముందు గుమ్మడికాయలు, ఖర్జూరంలా ఎండిన పళ్ళు, ఆవిరి పోతున్న బియ్యపు రొట్టెల పళ్ళేలు. ఇన్‌డక్‌కు ఎవరిదో గులాబీరంగు పట్టు దుస్తులు తొడిగారు, పెదాలకు రంగు పూశారు, పాదాలకు తెల్లటి మేజోళ్ళు వేశారు. ఆమె వేదిక మీద నిలబడి, తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

ప్యో మైకు అందుకున్నాడు. “అమ్మా, మీ అబ్బాయి పేరేంటో చెప్పండి.”

ఇన్‌డక్ చుట్టూ చూసింది. “అబ్బాయా? అన్నం తిన్నాడా?”

నవ్వులు లేచాయి. వెనక బల్ల మీద కూర్చున్న తోంగుక్ తల వంచుకున్నాడు.

“పోనీ, ఇది ఏ నెల?”

“చలేస్తోంది” అంది ఇన్‌డక్.

మళ్ళీ నవ్వులు. ప్యో చెయ్యెత్తి నవ్వుల్ని ఆపాడు, వంటకు ఉప్పు చాలన్నట్టు. “చూశారా! కన్నకొడుకు పేరు పోయింది. నెల పోయింది. ఏది పోలేదో ఇప్పుడు వినండి” అని మల్సున్‌కు సైగ చేశాడు.

మల్సున్ తోంగుక్ వంచిన తల వైపు చూసింది. అయినా అనేసింది. “దేవుడే నా కాపరి...”

ఇన్‌డక్ ముఖంలో దీపం వెలిగింది. రెండో సగం, దాని తర్వాతది, ఆ తర్వాతది, కీర్తన మొత్తం ఎక్కడా తడబడకుండా చెప్పేసింది. ఆమె ముగించగానే మందిరమంతా ఒక్కసారిగా చప్పట్లు, ఆమేన్‌లు. ఫోన్లు పైకి లేచాయి. ఇన్‌డక్ ఉలిక్కిపడింది. చెవులు మూసుకుంది. తెల్లటి మేజోళ్ళు మెల్లగా పసుపెక్కాయి. నేల మీద తడి పారింది.

ప్యో చూశాడు. చూసి, ఆ తడి తగలకుండా మైకు తీగను కాలి బూటుతో పక్కకు జరిపాడు. నవ్వు మాత్రం జరగలేదు. “ఇంకొక్క కీర్తన విందామా?” అన్నాడు.

కుళ్ళిన చిప్పల గుట్ట మీద వేసవి ఎండ పడితే వచ్చే వాసన మల్సున్‌కు ఆ వేదిక మీద నుంచి వచ్చినట్టయింది. ఆ వాసన ఇన్‌డక్‌ది కాదు. మల్సున్ కాళ్ళు కదలకముందే వంటశాల తలుపు తోసుకుని కిల్జా వచ్చింది. రొట్టెల కోసం వచ్చి, మొహమాటానికి గిన్నెలు కడుగుతోంది ఆ పూట. ఎవరినీ అడగలేదు. దూది కుట్టిన తన కోటు విప్పి ఇన్‌డక్ నడుముకు చుట్టి, “రా అక్కా, ఇక్కడ అందరికీ పిచ్చెక్కింది. పోయి వేడివేడి పులుసు తాగుదాం” అంటూ దింపుకుపోయింది. పోతూ పోతూ గుడ్డ విసిరి, “పెద్దాయనా, నేల తుడుచుకోండి. మహిమ ఒలికింది” అంది.

ఆ సాయంత్రం మల్సున్ ఉప్పునీళ్ళతో నోరు కడుక్కుంది. మర్నాడు కొత్త వాక్యం పట్టుకుందామంటే పడలేదు. ఒక్కో మాట నోట్లో పెట్టుకుంటే ఇసుక కరిచినట్టుంది. ఎదుటివాళ్ళ చప్పట్ల కోసమా ఇన్నేళ్ళు పోగేసింది? తను ఇచ్చిన మొదటి సగంతోనే కదా అక్కను అక్కడ నిలబెట్టారు! తన నోరంటే తనకే రోత పుట్టింది.

అయినా గేటు దగ్గరకు పోయింది. రెండుసార్లు తట్టి మొదటి సగం అంది. లోపల కాళ్ళు ఈడ్చిన చప్పుడు. గడియ పడింది. జవాబు రాలేదు. ఆ పై రోజూ అంతే. ఇన్నాళ్ళూ పిలుపుగా ఉన్న మాట ఇప్పుడు ఆమెకు బెదిరింపయింది.

క్రిస్మస్‌కు ముందు మోక్పో పట్నంలో చుట్టుపక్కల దీవుల సంఘాలన్నింటికీ కంఠతా వాక్యాల పోటీ. ప్యో దానికి ఇన్‌డక్ పేరు రాయించేశాడు. ఆమె పలకడం లేదని తెలిసి, ఒక తెల్లవారుజామున మల్సున్ వెంటే గేటు దగ్గరికి వచ్చాడు.

“భయపడి ఉంటుంది. నీ గొంతు వింటే పలుకుతుంది. అను, సోదరీ.”

మల్సున్ తొడుగు తీసింది. రెండుసార్లు తట్టింది. “అక్కా, నేనే. పనికి పోతున్నా. చలి ముదిరింది, మేజోళ్ళు వేసుకో.”

“అది కాదమ్మా. వాక్యం.”

“నాకొచ్చిన వాక్యం ఇవాళ్టికి ఇదేనయ్యా.”

ప్యో నవ్వి, తనే గేటు మీద తట్టి, వెన్న గొంతుతో కాపరి కీర్తన ఎత్తుకున్నాడు. లోపల ఏదో రేకు గిన్నె దొర్లింది. ఆ వెనకే చిన్నపిల్ల మూలిగినట్టు ఒక మూలుగు.

“ఆపండయ్యా” అంది మల్సున్. “రోతగా ఉంది.”

“దేవుని మాట నీకు రోతా?”

“దేవుని మాట కాదయ్యా. మైకు తీగ.”

“తీగేమిటి?”

“తడి తగలకుండా పక్కకు తీశారుగా. తీగను తీశారు. మనిషిని తియ్యలేదు.”

అతని ముఖం కందిపోయింది. “ఇన్నేళ్ళు కంఠతా పట్టి నువ్వు నేర్చుకున్నది అవిధేయత. దానిమీద కూడా వాక్యముంది, తెలుసా?”

“తెలుసయ్యా. ఇన్‌డక్ అక్కే నేర్పింది. కానీ ఆవిడ ఏ వాక్యంతోనూ ఎవరినీ కొట్టలేదు. మీ నోట వింటుంటే, కడగని కత్తితో ఒలిచిన చిప్ప తిన్నట్టుంది నాకు.” ఆమె గేటుకు వీపు ఆనించి నిలబడింది. “మీరు నన్ను పాకలోంచి తీసేయండి. ఆవిణ్ణి మాత్రం పడవెక్కించలేరు. నేను సగం అనను.”

ప్యో వెళ్ళిపోయాడు. ఆదివారం ప్రకటనల్లో గర్వం మీద, కృతఘ్నత మీద వాక్యాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అందరూ మల్సున్ వైపు చూడకుండా చూశారు. పక్కన కూర్చునే ఆమె కాస్త జరిగి కూర్చుంది. ప్యో ఊరుకోలేదు, తోంగుక్‌ను పట్టుకున్నాడు. తోంగుక్ వల దులుపుతూ, తలెత్తకుండా, “మా అమ్మ రాదండీ” అన్నాడట. అతను అంత పొడుగు మాట యజమానితో ఎప్పుడూ అనలేదని రేవులో చెప్పుకున్నారు. ఆ రాత్రి మల్సున్ గుమ్మానికి ఎవరో ఎండుచేపల దండ తగిలించిపోయారు.

గేటు దగ్గర మాత్రం నిశ్శబ్దమే. మల్సున్ వాక్యం అనడం పూర్తిగా మానేసింది. “అక్కా, పనికి పోతున్నా. ఇవాళ ఆటుకి సముద్రం బాగా దిగింది.” “అక్కా, కిల్జా నడుం పట్టేసిందట, తిట్టడానికి కూడా ఓపిక లేదు.” అంతే చెప్పి పోయేది. ఎవరితో చెబుతున్నట్టో ఆమెకే తెలియదు. మధ్యలో గేటు, ఆ పైన గడియ.

చలి విరుగుతుండగా ఒక రోజు, ఆమె తట్టి నోరు తెరవబోయేలోపే లోపలి నుంచి బొంగురు గొంతు వచ్చింది.

“కొండల వైపు కళ్ళెత్తి చూస్తే...”

మొదటి సగం! మల్సున్ ఇనుప గేటు పట్టుకుంది. ఆ వాక్యం పోయినవాటిలో ఒకటి. ఎంత వెతికినా రెండో సగం దొరకలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నోటికొచ్చింది అనేసింది. “...నాకింకేం తక్కువ, అక్కా!”

అది ఈ కీర్తనది కాదు, ఆ కాపరి కీర్తనది. లోపల కిసుక్కుమని నవ్వు. “మందబుద్ధిదానా” అంది ఇన్‌డక్.

ఆ పూట పాకలో తొడుగులు పొయ్యి మీద వెచ్చగా ఉన్నాయి. మల్సున్ పీట మీద కూర్చుని చాలాసేపు కత్తి తియ్యలేదు.

“ఏమే, దెయ్యం పట్టిందా?” అంది కిల్జా.

“కిల్జా, నీతో ఒక పని.”

“అప్పు ఇవ్వను.”

“అప్పు కాదు. నాకూ ఎప్పుడో అక్కకొచ్చిన మరుపే వస్తే... నువ్వు పొద్దున పాకకొస్తూ నా గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగు. ఒక సగం అను.”

“మందిరంలో అంతమంది ఉండగా నేనా! నాకు ఒక్క ముక్క రాదే.”

“అందుకే నిన్ను అడుగుతున్నా. నేర్పుతాను. వారం పడుతుంది, అంతే. నేను పలికితే సరే. పలక్కపోతే చలి సంగతి చెప్పి నీ దారిన పో. ఎవరితోనూ అనకు, ఎవరినీ తీసుకురాకు. నన్ను ఎక్కడా నిలబెట్టనివ్వకు. ఇంతే, కిల్జా, చేస్తావా?”