కూర్మారావు చెయ్యి

కంప్యూటర్లో ఒక కార్డుని ఒక స్లాట్లోంచి పీకి పక్క స్లాట్లో గుచ్చాను. నేను చేసింది అంతే. అరనిమిషం కూడా పట్టలేదు. మొయ్యడం మాత్రం ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉన్నాను.

ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మా ఆవిడకి తెలిస్తే నాతో మళ్ళీ మాట్లాడుతుందో లేదో చెప్పలేను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. మనుషుల పేర్లు మాత్రం అసలువి కావు.

కూర్మారావు నా తోడల్లుడు. మా మావకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను, చిన్నమ్మాయిని వాడు చేసుకున్నాడు. మావకి ఆమదాలవలసలో ధాన్యం కొట్టుంది. నాకు శ్రీకాకుళంలో, బస్టాండు వెనక సందులో, కంప్యూటర్లు బాగుచేసే షాపు. వాడు రాక ముందు కొన్నేళ్ళపాటు ఆ ఇంటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. వంజరం చేప వండితే నడుముక్క నా కంచంలోనే పడేది. ఇలాంటివి రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నా కుళ్ళు అక్కడే మొదలైంది, దాచి లాభం లేదు.

వాడిది శ్రీకూర్మం పక్క పల్లె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. నల్లగా, పొడుగ్గా, నోరంతా తెరిచి నవ్వేవాడు. కూర్మారావు చెయ్యి మంచిదని వాళ్ళ ఊళ్ళో పేరు. విత్తనాలు జల్లే రోజున పక్క పొలాల వాళ్ళు కూడా వచ్చి, మొదటి గుప్పెడు నువ్వు జల్లు కూర్మా అని తీసుకెళ్ళేవారు. పెళ్ళయ్యాక ఆ పేరు వాడితోపాటు మా మావ ఇంటికీ వచ్చింది. కొట్లోకి కొత్త ధాన్యం వస్తే మొదటి బస్తా వాడే కాటా ఎక్కించాలి. మా అత్త మిక్సీ ఒకసారి ఆగిపోతే నేను మధ్యాహ్నమంతా విప్పుకుని కూచున్నాను, తిరగలేదు. సాయంత్రం వాడొచ్చి, ఏదీ సూద్దాం అని రెండుసార్లు తట్టాడు. గిర్రున తిరిగింది. మా మావ భోజనాల దగ్గర ఆ సంగతి ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. "సిన్నల్లుడు సెయ్యేస్తే సచ్చింది లేస్తాది" అనేవాడు. నేను పక్కనే కూర్చుని పెరుగన్నం కలుపుకునేవాణ్ణి.

వాడు నన్నెప్పుడూ తక్కువ చెయ్యలేదు. అన్నియ్యా అన్నియ్యా అని చుట్టూ తిరిగేవాడు. అదీ కంటగింపుగానే ఉండేది. పొగరుబోతైతే ఎంత బాగుండేది. తిట్టుకోడానికైనా వీలుండేది.

పని నేర్చుకుంటానని నా షాపుకే వచ్చాడు. నేర్పాను. నిజం చెప్పాలంటే అంతా నేర్పలేదు. కొన్ని కిటుకులు వాడు టీకి వెళ్ళినప్పుడు చేసేవాణ్ణి.

అది రెండువేల పన్నెండు ఎండాకాలం. కళింగపట్నం దారిలో రొయ్యపిల్లల్ని పెంచే హేచరీ ఒకటుండేది. రోజూ నీటి పరీక్షల వివరాలు, అమ్మకాల వివరాలు విశాఖపట్నం ఆఫీసుకి పంపాలి. అటు ఇంకా బ్రాడ్‌బ్యాండు రాలేదు. అందుకని ఐ.ఎస్.డి.ఎన్. లైను వేయించారు. మామూలు టెలిఫోను తీగే, కానీ అందులోంచి కంప్యూటరు నేరుగా ఇంకో కంప్యూటరుకి ఫోను చేసి మాట్లాడుకోగలదు. ఎక్స్ఛేంజి వాళ్ళు వచ్చి గోడకి ఒక డబ్బా బిగించి వెళ్ళారు. ఆ డబ్బా నుంచి వచ్చే తీగ కంప్యూటర్లో ఉండే ఐ.ఎస్.డి.ఎన్. కార్డుకి కలపాలి. కంప్యూటరేమో విశాఖలో వాడి వాడి వదిలేసిన పాతది. కార్డూ పాతదే.

లైను నడిపించి చూపిస్తే అక్కడే సిస్టమ్స్ చూసుకునే ఉద్యోగం ఇస్తామన్నారు. నెలజీతం, అక్కడే చిన్న క్వార్టరు. హేచరీ మేనేజరు మా మావకి తెలుసు. మావ కూర్మారావు పేరు చెప్పాడు. నాతో మాటమాత్రం అనలేదు. అడిగితే, "నీకు షాపున్నాది కదల్లుడూ, ఆడికేటున్నాది?" అన్నాడు. న్యాయమైన మాటే. నా షాపు ఈగలు తోలుకుంటోందని ఆయనకి తెలీదు. నేను చెప్పలేదు కూడా. చిన్నల్లుడి ముందు చులకనవడం ఇష్టం లేక.

కూర్మారావు అలాంటి కార్డు ఎప్పుడూ చూళ్ళేదు. నేను విశాఖలో పని నేర్చుకున్న రోజుల్లో చూశాను. సాయం రమ్మని బతిమాలాడు. వెళ్ళాను.

వాడు అప్పటికే కార్డు పెట్టి, సీడీలోంచి దాని డ్రైవరు ప్రోగ్రాము ఎక్కించి, నెంబరు కొట్టి చూస్తున్నాడు. లైను కలుస్తుంది. కలిసిన కాసేపటికే స్క్రీను బిగుసుకుపోతుంది. మౌసు కదలదు. స్విచ్చి తీసి వెయ్యడం తప్ప దారి లేదు. చూడగానే నాకు అర్థమైంది. పాత బోర్డుల్లో ఈ బాధ ఉండేది. కార్డు పెట్టిన స్లాటుకీ, లోపలున్న సౌండు చిప్పుకీ కంప్యూటరు ఒకే గుర్తు నెంబరు ఇచ్చేస్తుంది. ఇద్దరు ఒకే తలుపు ఒకేసారి తట్టినట్టు, ఎవరికి పలకాలో తెలీక బిగుసుకుపోతుంది. కార్డు తీసి పక్క స్లాట్లో పెడితే చాలు, నెంబరు మారిపోతుంది. ఒక్క ముక్క చెబితే పని అయిపోయేది. విండోస్ మొత్తం తీసి మళ్ళీ ఎక్కించమని చెప్పాను.

పాపం, రోజంతా అదే చేశాడు. మళ్ళీ బిగుసుకుపోయింది. ఇంకోసారి ఎక్కించమన్నాను. అన్నియ్య చెప్పాడు కదా అని ఇంకోసారీ చేశాడు. నేను కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాను. సంతోషించానా? సంతోషించాను. ఇప్పుడైనా వీడి చెయ్యి మంచితనం ఏమైందో చూద్దాం అనుకున్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి వాడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. లైను నడుస్తోంది. ఏం చేశావురా అంటే, "ఏటీ నేదన్నియ్యా, ఊరికే పక్కదాన్లోకి మార్సి సూసినాను" అన్నాడు. ఎందుకు మార్చాడో వాడికే తెలీదు. నేను ఏళ్ళ తరబడి నేర్చుకున్నది వాడికి ఊరికే తగిలింది. చూడండి, వాడు ఓడిపోతున్నప్పుడు నేనింకా మనిషిగానే ఉన్నాను. గెలిచాక ఉండలేకపోయాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆవిడ ఒక మాటంది. షాపుని మెయిన్ రోడ్డు మీదికి మార్చాలని అప్పటికే అనుకుంటున్నాం. కొత్త షాపు కూర్మారావు చేత తెరిపిద్దాం అంది. "నీ సేతి సంగతి సూస్తన్నాం కదా" అంది, పప్పులో పోపు వేస్తూ. వెటకారమేమీ లేదు ఆ మాటలో. అందుకే తట్టుకోలేకపోయాను. నా షాపు, నా పెళ్ళాం, వాడి చెయ్యి.

కంపెనీ పెద్దాయన విశాఖ నుంచి వచ్చే రోజు పొద్దున్నే నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? వాడు పిలిచాడు, అందుకని. అదొక్కటే కాదేమో. వాడు కంప్యూటరు విప్పి, కార్డులన్నీ తీసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, మళ్ళీ బిగించాడు. ఐ.ఎస్.డి.ఎన్. కార్డుని సరైన స్లాట్లోనే పెట్టాడు. నా కళ్ళతో చూశాను. పసుపు రాసి బొట్లు పెట్టాడు. పెద్దాయన ఎదుటే స్విచ్చి వేస్తానని ఆపి ఉంచాడు. ఇంతలో కారొచ్చిందన్నారు, గేటు దగ్గరికి పరిగెత్తాడు.

గదిలో నేనొక్కణ్ణే.

కంప్యూటరు పక్క రేకు ఇంకా మరలు బిగించకుండానే ఉంది. తీశాను. కార్డు పీకాను. పాత స్లాట్లో గుచ్చాను. తీగ తగిలించాను. రేకు మూశాను. మొదట్లో అక్కడే ఉండేది కాబట్టి కంప్యూటరు కొత్తగా ఏమీ అడగదని కూడా నాకు తెలుసు. అంత తెలివిగా చేశాను. ఆ తెలివి నా షాపులో ఎప్పుడైనా చూపించి ఉంటే బాగుపడేవాణ్ణి.

పెద్దాయన కూర్చున్నాడు. కూర్మారావు స్విచ్చి వేశాడు, నెంబరు కొట్టాడు. కలిసింది. అందరూ చప్పట్లు కొట్టేలోపే బిగుసుకుపోయింది. తీసి వేశాడు. మళ్ళీ బిగుసుకుంది. వాడి చొక్కా వీపుకి అంటుకుపోయింది. విప్పి చూస్తానంటే మేనేజరు ఒప్పుకోలేదు. బొట్లు పెట్టడం వచ్చినట్టుంది గానీ పని రాలేదు అని పెద్దాయన లేచి చెరువుల వైపు వెళ్ళిపోయాడు. విశాఖ నుంచి తమ మనిషినే పంపుతానని చెప్పి ఆ మధ్యాహ్నమే కారెక్కాడు.

ఆ తర్వాత వాడు కంప్యూటరు విప్పాడు.

"అన్నియ్యా, ఇలగ రా. సూడు."

చూశాను.

"నిన్న పక్కదాన్లో ఉన్నాది కదా?"

"ఉన్నాది."

"మరి పొద్దున్న తుడిసినప్పుడు నానే ఇందులో పెట్టీసినానేటి?"

నేను వంగి బల్ల మీది మరలు ఏరుతున్నాను.

"నువ్వు పక్కనే ఉన్నావు కదా. సూడలేదేటి?"

"నేదురా. నువ్వే పెట్టీసుంటావు. కంగార్లో అలగే అవుతాది."

వాడు ఆ కార్డు మీద వేలు పెట్టాడు. "నాకు బాగా గుర్తున్నాదన్నియ్యా, పక్కదాన్లోనే పెట్టినట్టు. మరి నా సెయ్యి ఇలగెందుకు సేసినాది?"

నేను చేసిన తప్పేదని మీరడిగితే, కార్డు మార్చడం అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అది చిన్న తప్పు. కోపంలోనో కుళ్ళులోనో చెయ్యి జారింది అనుకోవచ్చు. ఈ మాట మాత్రం వాడి కళ్ళలోకి చూస్తూ అన్నాను. ఉద్యోగం పోయినా వాడు ఇంకోటి వెతుక్కునేవాడు. కానీ తన కళ్ళూ, తన జ్ఞాపకమూ, తన చెయ్యీ తనని మోసం చేశాయని వాణ్ణి నమ్మించాను.

వాడు మళ్ళీ కంప్యూటరు ముట్టుకోలేదు. ధాన్యం లారీల మీద ఒరిస్సా దాకా తిరిగే పనిలో చేరాడు. మరుసటి ఏడు విత్తనాలు జల్లే వేళకి ఊరివాళ్ళు పిలిస్తే వెళ్ళలేదు. నా సెయ్యి మంచిది కాదు, ఇంకెవర్నన్నా పిలుసుకోండి అని చెప్పి పంపేశాడట. ఆ నవ్వు కూడా పోయింది. నవ్వుతాడు గానీ, మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆపేస్తాడు.

మా కొత్త షాపు తెరిచే రోజు మా ఆవిడ కొబ్బరికాయ వాడి చేతికివ్వబోతే వెనక్కి జరిగాడు. వద్దొదినా, మీ షాపు బాగుండాల అన్నాడు. దాంతో నేనే కొట్టాను. ఏం విచిత్రమో, షాపు బాగా నడిచింది. ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాను. మావ నలుగురిలో పెద్దల్లుడి సెయ్యి మంచిదంటున్నాడు. నడుముక్క మళ్ళీ నా కంచంలో పడుతోంది. కోరుకున్నదంతా వచ్చింది కదా, మరి ఎందుకింకా వాణ్ణి చూస్తే అసూయ? వాడు లారీ దిగి, బురద కాళ్ళతో మా అరుగు మీద పడుకుంటే పిలిచినా లేవనంత నిద్రపోతాడు. నాకు ఆ నిద్ర లేదు. అదీ వాడికే ఉంది.

మొన్న వాడి కూతుర్ని బళ్ళో వేసే ముందు అక్షరాభ్యాసం చేశారు. పళ్ళెంలో బియ్యం పోశారు. తండ్రి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టి దిద్దించాలి. పిల్లని ఎత్తుకొచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టాడు. "నీ సెయ్యి మంచిదన్నియ్యా. మా పిల్లకి నువ్వే దిద్దించు. నాలాగ అవకూడదు" అన్నాడు.

గొంతుదాకా వచ్చింది. ఒరే, ఆ కార్డు మార్చింది నేనురా అని. అందరూ ఉన్నారు, మావ, అత్త, మా ఆవిడ, మరదలు. వాళ్ళకి భయపడి ఆగానా? ఇంటికొచ్చాక చాలా ఆలోచించాను. భయం కొంతే. చెబితే వాడి చెయ్యి మళ్ళీ మంచిదైపోతుంది, నాది కాకుండా పోతుంది. ఆగింది అందుకు. ఇంత జరిగాక కూడా, చిన్నపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూడా, నేను ఆ లెక్కే చూసుకున్నాను.

పిల్ల వేళ్ళు పట్టుకుని దిద్దించాను. వాడు వెనక నిలబడి, తన కూతురు రాసే మొదటి అక్షరాన్ని నా భుజం మీదుగా తొంగి చూశాడు. ఇప్పుడా పిల్ల పలక మీద ఏం రాసినా వాళ్ళ నాన్నకి చూపించదు. నా దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, పెదనాన్నా బాగుందా అని. వాడది చూసి సంతోషపడుతుంటాడు.

కార్డు మార్చింది నేను. కూర్మారావు చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఈ మాట ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఇప్పుడు రాశాక గుండె కొంచెం తేలికపడింది. ఆ తేలిక కూడా నాకే దక్కింది. వాడికింకా తెలీదు.